పొట్టి మాట

చింబోతెలో మా పత్రిక పతాక శీర్షికకి
పద్నాలుగు అక్షరాల చోటు.
అందులో పట్టిందే ఊరికి తెలిసేది.
నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి, ఇరవై రెండేళ్లు.
ఒక్క అచ్చుతప్పు దొర్లినా నిద్రపట్టని మనిషిని.

ఆ ఏడు ఫిబ్రవరి ఎండల్లో
ఆస్పత్రి వరండాలో మంచాలు చాలక
తలుపులు ఊడదీసి పడుకోబెట్టారు.
కళ్లు లోతుకుపోయి, పిక్కలు పట్టేసి,
బకెట్ల పక్కన మనుషులు
పూటలోనే ఎండిపోతున్నారు.
విలేకరి ఫెర్మిన్ నోట్‌బుక్కులో రెండే వాక్యాలు తెచ్చాడు:
పచ్చి చేప తిన్నవాళ్లు కొందరు.
కుళాయి నీళ్లు తాగినవాళ్లు అందరూ.

దోన్ కాసిమిరో సిగరెట్టు నోట్లోంచి తియ్యకుండానే
స్కేలు పెట్టి ఖాళీ కొలిచాడు.
"చేప" అన్నాడు. "పొట్టి మాట. సరిపోతుంది."
నీళ్లు కూడా పొట్టి మాటే కదా అన్నాను.
"నీళ్లకి మునిసిపాలిటీ ఉంది.
చేపకి ఎవరున్నారు?"

తెల్లారేసరికి చేపే నేరస్తురాలు.
రేవులో పడవలు బోర్లా పడుకున్నాయి.
సెవీచె బళ్లు గోనెపట్టాలు కప్పుకున్నాయి.
ఇళ్లల్లో చేపముక్కలు పారబోసి
ఆ చేతులు
కుళాయి కింద శుభ్రంగా కడుక్కున్నారు.

మిగతాది నా పని.
"మంచినీళ్లలో మురుగు కలిసింది" అన్న వాక్యం
నా బల్ల దాటేసరికి
"పారిశుద్ధ్య లోపాలున్నట్టు తెలుస్తోంది" అయింది.
ఎవరి లోపం? ఎవరికి తెలుస్తోంది?
కర్త లేడు. క్రియ ఒక్కటే తలొంచుకుని నడిచింది.
మరణాలు సంభవించాయి,
వానే ఎరగని మా ఊళ్లో వాన కురిసినట్టు.
కేసులు నమోదయ్యాయి,
వాటంతటవే వరసలో నిలబడి
పేర్లు రాయించుకున్నట్టు.
వ్యాకరణం ప్రకారం అన్నీ నిర్దోషులే.
ఒక్కదానికీ ఎర్రసిరా పెట్టలేదు.

కాదు, ఒకచోట పెట్టాను.
"పరిస్థితి అదుపులో ఉంది" అన్నచోట
ముందు "ఇంకా" అని చేర్చాను.
నా ధైర్యం అంతే, రెండక్షరాలు.
ఆ "ఇంకా" దగ్గర కాస్త ఆగి
ఎవరైనా పొయ్యి మీద నీళ్లు పెట్టారేమో.
తెలీదు.

పది రోజులకి సొయిలా చుంగా ప్రెస్సు మెట్లెక్కింది,
రేవులో బొనీతో చేపలమ్మే మనిషి.
చేతిలో పొట్లం, మా పేపరే.
నా ప్రూఫుల మీదే పెట్టి విప్పింది.
అమ్ముడుపోని చేప.
దాని వెండి పొట్ట మీద
తడికి సిరా అంటుకుని
మా శీర్షిక తిరగబడి అచ్చయింది.
"నాకు చదువు రాదు" అంది.
"చేప మీద ఏం రాశారో చదివి చెప్పు."

తిరగబడ్డ అక్షరాలు నాకు కొత్త కాదు.
సీసం అచ్చుల కాలం నుంచీ
అద్దంలో చదివినట్టు చదివినవాణ్ణి.
అయినా నోరు పెగల్లేదు.

"మా వాడు చేప ముట్టేవాడు కాదు,
వాసన పడేది కాదు వాడికి" అంది.
ప్రూఫులు దిద్దేవాణ్ణి కదా,
క్రియలో కాలం మారితే ఇట్టే పట్టుకుంటాను.
వాడెలా ఉన్నాడని అడగలేదు.

"నీళ్ల సంగతి ఎక్కడ రాశారు?"

ఏడో పేజీ తీశాను.
టైర్ల ప్రకటన కింద, వేలెడు.
"నీటి నమూనాలు పరీక్షకు పంపబడ్డాయి."
ఎవరు పంపారంది.
పంపబడ్డాయి అన్నాను.
ఎవరు, అంది మళ్లీ.

ఆమె వెళ్లాక చూస్తే
మర్నాటి ప్రూఫు మీద ఒక పొలుసు,
"నమోదయ్యాయి" మీద అతుక్కుని ఎండుతోంది.
గోటితో గీకితే మాటతో సహా ఊడొచ్చింది.
కాగితానికి చిన్న చిల్లు.
అక్కడ ఏం రాయాలో నాకు తెలుసు.
గడియారం చూశాను. పదకొండున్నర,
మిషను తిరిగే వేళ.
పక్కన మార్జిన్‌లో, గుండ్రటి చేతిరాతతో
మళ్లీ ఆ మాటే రాసి
కిందికి పంపాను.
నేనే పంపాను.